అమావాస్య నాడు ఆగని మగ్గం

బుధవారం మధ్యాహ్నం రెండూ నలభై అయింది. శివకుమార్ బతికున్నాడో లేదో నాలుగూ పదికి తెలుస్తుంది. ఈలోపల ఆయన ఇంటికి ఎస్సై ఈరేష్ వచ్చి బల్ల మీది రేడియో సెట్టును ఎత్తుకుపోతే ఆ తెలిసేది కూడా ఉండదు. అతను స్టేషన్ నుంచి బయలుదేరాడని అక్కడ పనిచేసే పాత స్నేహితురాలు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పింది.

నా పేరు దేవక్క. ముప్పై ఒక్క ఏళ్ళు పోలీసు వైర్‌లెస్‌లో హెడ్‌ఫోన్లు తగిలించుకుని చెవులు అరగదీసుకున్నాను. రిటైరయ్యాక ఆదోనిలో డిటెక్టివ్ అని బోర్డు కట్టుకుంటే జనం నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందని ఊరుకున్నాను. కానీ ఈ కేసులో చేను పండే సూచనలేవీ కనిపించడం లేదు. ఆరు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

శివకుమార్ ఆదోనిలో రేడియోలు, టీవీలు బాగుచేస్తాడు. లైసెన్సున్న హ్యామ్. అంటే సొంతంగా సెట్టు కట్టుకుని గాలిలో తోటివాళ్ళతో మాట్లాడే మనిషి. పోయిన గురువారం సాయంత్రం ఆరున్నరకు షాపు తలుపు తెరిచింది తెరిచినట్టే ఉంది, మనిషి మాత్రం లేడు. గుండె జబ్బు. రెండు పూటలా మాత్ర పడకపోతే నాలుగో రోజుకే కాళ్ళు వాస్తాయని డాక్టర్ చెప్పాడు. ఇది ఆరో రోజు.

"పెద్దమ్మా, మళ్ళా ఒకసారి వింటావా?" అంది ప్రేమలత.

శివకుమార్‌కు ఉన్న ఒక్కతే కూతురు ఈమె. ఇరవై ఆరేళ్ళు. తండ్రి దగ్గరే విద్య నేర్చుకుని తనూ లైసెన్సు తెచ్చుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బినా చెయ్యి మాత్రం వణకడం లేదు. అందుకే ఆ పిల్లంటే నాకు గౌరవం.

ఈ తండ్రీకూతుళ్ళకు ఒక అలవాటుంది. కొత్తగా కట్టిన ఆసిలేటర్‌ను ఆయన రోజూ నాలుగూ పదికి షాపులో ఆన్ చేస్తాడు. ఈమె ఇంట్లో సెట్టు ముందు కూర్చుని అది ఏడువేల యాభైఐదు కిలోహెర్ట్జ్ దగ్గర నిలబడిందా, వేడెక్కి పక్కకు జారిందా అని కొలుస్తుంది. మాటలుండవు, మైకుండదు. ఉత్త తరంగం నాలుగు నిమిషాలు వచ్చి పోతుంది. పదేళ్ళుగా వీళ్ళు చేస్తున్న పని ఇదే.

తండ్రి మాయమైన మరుసటి రోజు, శుక్రవారం, ప్రేమలత ఊరికే సెట్టు ముందు కూర్చుంది. నాలుగూ పదికి ఆ తరంగం వచ్చింది! శనివారం వచ్చింది. ఆది, సోమ, మంగళవారాల్లోనూ వచ్చింది. ఐదు రోజులవీ ఫోన్లో రికార్డు చేసి పెట్టింది.

ఆమె శుక్రవారం నాటిది పెట్టింది. సన్నటి ఈల ఒకటే. చెవి పెట్టి వింటే ఆ ఈల చిన్నగా అదురుతోంది. టక్కు, దబ్బు. టక్కు, దబ్బు. ఎవరో పక్కన నిలబడి బల్లను కుదుపుతున్నట్టు ఉంది.

"ఇది నాన్న సేసేది కాదు పెద్దమ్మా. నాన్న కాయిల్ సేత్తో సుడతాడు. మైనం పోసి గట్టి సేయకముందు దాన్ని కదిలిస్తే సుట్లు దగ్గరా దూరం అయితాయి. ఫ్రీక్వెన్సీ ఊగుతాది. ఆ కాయిల్ పక్కన ఏదో అదురుతాండాది."

"రోజూ ఉండాదా ఈ అదురు?"

ఆమె నోటుబుక్కు తిప్పింది. శుక్రవారం ఉంది. శనివారం ఉంది. ఆదివారం లేదు, ఈల నున్నగా వచ్చింది. సోమవారం మళ్ళీ ఉంది, మంగళవారం ఉంది. ఇంకో సంగతి కూడా రాసుకుంది. రోజురోజుకూ ఈల కొంచెం కిందికి దిగుతోంది, బలం తగ్గుతోంది. బ్యాటరీ అయిపోతోంది.

అప్పుడే బయట బూట్ల చప్పుడు వినిపించింది.

ఎస్సై ఈరేష్ ముప్పై రెండేళ్ళ వాడు, మీసం మాత్రం యాభై ఏళ్ళది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాకీటాకీ ఎట్లా పట్టుకోవాలో నేర్పింది నేనే. ఆ కృతజ్ఞత మీసం పెరిగేకొద్దీ తరిగిపోయింది.

"ఏం దేవక్కా, ఈడ నీకేం పని?"

"పిల్ల పిలిసింది, వచ్చినా. నీకేం పనప్పా?"

"సెట్టు సీజ్ సేయాల. శివకుమార్ ఇప్పుడు ముద్దాయి. షాపు సొరుగులో ఏం దొరికినాయో తెలుసు గదా?"

తెలుసు. అగ్గిపెట్టెంత రిమోట్లు రెండు. ఆదోని చుట్టుపక్కల కొన్ని ప్రైవేటు తూకాల్లో పత్తి బండి ఎక్కగానే ఎవరో జేబులో బటన్ నొక్కుతున్నారు. తూకం అడుగున దాచిన చిన్న రిసీవర్ ఆ సంకేతం అందుకుని బరువు తగ్గించి చూపిస్తోంది. ఆలూరు వైపు నుంచి, దేవనకొండ నుంచి వచ్చే రైతులు నెత్తీ నోరూ కొట్టుకుంటున్నారు.

"ఆయన సేసినాడని నువ్వెట్ల సెప్తావు?"

"ఇంగెవురికొస్తాది ఆ విద్య? సేసి అమ్ముకున్న్యాడు, దొరికిపోతానని పారిపోయినాడు. ఫోన్ ఆఖరున బళ్ళారి టవర్లో పలికింది."

"ఫోన్ బళ్ళారికి పోతే మనిషి పోయినట్టేనా? నీ ఫోన్ను నేను బస్సులో పడేస్తే అది బెంగుళూరు దాకా పోతాది. నువ్వు ఈడనే ఉంటావు మీసం దువ్వుకుంటా."

వెనక ఉన్న కానిస్టేబుల్ తిక్కయ్య దగ్గినట్టు నటించాడు. ఈరేష్ మొహం ఎర్రబడింది.

"ఆ షాపు నువ్వూ సూసినావు, నేనూ సూసినా," అన్నాను. "తలుపు పగలగొట్టలేదు. అంటే తెలిసినోడు వచ్చినాడు. బల్ల మీద టంకం పెట్టే ఐరన్ లేదు, దగ్గరి సూపు అద్దాలు లేవు, రెండు కాయిళ్ళు లేవు. గుండె మాత్రలు మాత్రం సొరుగులో ఉన్నాయి. పారిపోయేటోడు మాత్రలు మర్సిపోయి టంకం ఐరన్ ఎత్తుకపోతాడా? ఆయన్ను పనికి తీసుకపోయినారప్పా. రిమోట్లు సేయించుకోనీకి. ఆ రెండూ ఆయన యాడనో పట్టుకుని విప్పి సూసినాడు. అది వాళ్ళకు తెలిసింది."

"సాక్ష్యం?"

నేను రికార్డు పెట్టాను. అతను మొహం చిట్లించి విన్నాడు.

"ఇందులో మాటేదీ లేదే?"

"మాట లేదు. ఆసిలేటర్ అంటే నిలపకుండా తరంగం పుట్టించేది. అది బండి అనుకో. దాని మీద మాటో పాటో ఎక్కించడమే మోడ్యులేషన్. బండికి సరుకెత్తినట్టు. ఇది ఖాళీ బండి. శివకుమార్ దగ్గర మైకు లేదు, ఉన్నా నోరు తెరిసే దారి లేదు. అయితే ఖాళీ బండి అయినా అది పోయే బాట ఎట్లాంటిదో కుదుపులు సెప్తాయి గదా? ఆ టక్కు దబ్బు ఎక్కించింది ఎవురూ కాదు. దానంతట అదే ఎక్కింది. ఆయన్ను పెట్టిన సోటు పక్కన ఏదో యంత్రం నడుస్తాంది."

ఈరేష్ నోటుబుక్కు లాక్కుని చూశాడు. మూర్ఖుడు కాదు, అదే బాధ.

"ఆదివారం లేదు, తక్కిన దినాలన్నీ ఉండాది. పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లు. ఆదివారం సెలవు. ఆదోనిలో ఎన్ని మిల్లులుండాయి దేవక్కా? ఈదికి పది. ఏ తలుపు కొట్టమంటావు?"

అతను చెప్పింది సరిగ్గానే ఉంది, నేనూ పొద్దున్నుంచి అదే అనుకుంటున్నాను.

"తలుపు నంబరు సెప్పు, జీపు నిండా మనుషుల్ని ఏసుకుని వస్తా. అందాక సెట్టు స్టేషన్లో ఉంటాది," అంటూ చెయ్యి చాపాడు.

నేను బల్లకూ అతనికీ మధ్య నిలబడ్డాను. "సెట్టు లైసెన్సు ప్రేమలత పేరు మీద ఉండాది. సీజ్ కాయితం యాడ? లేదా? అయితే గడప దిగు. నాలుగూ పదికి ఈ పిల్ల ఇది వినకపోతే, ఆయన ఆడ పానం పోయేదాకా గాలికి సెప్పుకుంటా ఉంటాడు. ఆ పాపం నీ మీసానికి సుట్టుకుంటాది."

అతనే చాపిన చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

"రేపు కాయితంతోనే వస్తా. అయితే ఒక మాట. నువ్వనేది నిజమైతే ఈ పాపకూ ముప్పే. తిక్కయ్యను వాకిట్లో పెట్టిపోతా."

"వద్దు. తిక్కయ్య కన్ను పాప మీద ఉండదు, సెట్టు మీద ఉంటాది. నేను అటు పోతానే నువ్విటు ఎత్తుకపోతావు. ఖాకీ గుడ్డ ఈ వాకిట్లో కనపడగూడదు."

అతను నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి వెళ్ళిపోయాడు. గెలిచానని నాకు ఎంత సంతోషమైందో! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

*

పిల్లను ఒంటరిగా వదలకూడదు కనుక మహేశ్వర్‌కు ఫోన్ చేశాను. ఐదు నిమిషాల్లో వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. శివకుమార్ దగ్గర పని నేర్చుకుని, ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. ఇతనికీ హ్యామ్ లైసెన్సుంది. శివకుమార్ మహేష్ అని, ప్రేమలత మామా అని పిలుస్తారు. ఐదు రోజులుగా గుంతకల్లు, బళ్ళారి, గోనెగండ్ల అని గురువు కోసం తిరుగుతూనే ఉన్నాడు. గడ్డం మాసింది, కళ్ళు పీక్కుపోయాయి.

నాకు ఎవరినైనా అడగడం అలవాటు. అతన్నీ అడిగాను.

"గురువారం సాయంత్రం ఆరున్నరకు యాడుంటివి?"

"ఆస్పరిలో అక్కా. సిద్దప్ప అంగట్లో కాటా సెడిపోయింది. ఐదున్నరకు పోయినా, ఎనిమిదికి వచ్చినా."

సిద్దప్పకు నేను సోమవారమే ఫోన్ చేసి ఉన్నాను. మహేశ్వర్ వచ్చిన మాట నిజమే, ఎప్పుడు పోయినాడో గుర్తు లేదన్నాడు ఆ పెద్దమనిషి. అంగడి సందడిలో ఎవరికి గుర్తుంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

"ఈరేష్ సెట్టు కోసం వచ్చినాడు. నేను వచ్చేదాకా ఈ పిల్లను ఇడిసి పోవద్దు. సెట్టు మీద ఎవరి సెయ్యీ పడనీయొద్దు."

"నువ్వు ఇంత సెప్పాల్నా అక్కా? పాప నా సేతుల మీద పెరిగింది." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "గురువు దొరికితే సాలు, గవిమఠం సామి దగ్గరికి నడుసుకుంటా పోయి మొక్కు తీర్సుకొస్తా."

నాకూ కళ్ళు చెమర్చాయి. మొహం చూపించడం ఇష్టం లేక తల దించుకున్నాను. అతని చెప్పు పట్టీలో ఎర్రటి నూలు పోగు ఒకటి చిక్కుకుని ఉంది. పత్తి ఊళ్ళో పోగులకేం కొదవ? చూశాను, వదిలేశాను.

ప్రేమలతను వంటింట్లోకి పిలిచి చెప్పాను. "నాలుగూ పదిదాకా తరంగం సంగతి ఎవురికీ సెప్పొద్దు, మామకు కూడా. నాలుగూ ఐదుకు నాకు ఫోన్ కలుపు, స్పీకర్ పక్కన పెట్టు."

"మామ ఆ టైముకు ఈడనే ఉంటాడు గదా?"

"ఇంటే ఇననీ. ఇంకో జత సెవులు మంచిదే."

బయటికొచ్చి స్కూటీ ఎక్కాను కానీ ఎక్కడికి పోవాలో తెలియదు. ప్రేమలత నా ఫోన్‌కు పంపిన రికార్డుల్లో సోమవారం నాటిది పెట్టుకున్నాను. టక్కు దబ్బు, టక్కు దబ్బు, టక్కు దబ్బు. హఠాత్తుగా ఆగింది. పదిహేను సెకన్లకు మళ్ళీ మొదలైంది. జిన్నింగ్ మిషన్ అట్లా మధ్యలో ఆగుతుందా? మోటారుతో నడిచేది దానికి తోచినప్పుడు ఊపిరి పీల్చుకుంటుందా? ఇది మనిషి నడిపేది!

చిన్నమ్మ ఉచ్చీరమ్మకు ఫోన్ చేశాను. ఎమ్మిగనూరులో నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. రికార్డు వినిపించాను. పది సెకన్లు కూడా విననివ్వలేదు.

"ఓసి నీ పాసుగాల, మగ్గం గదనే ఇది! పోగునేసుకుని నాడె అటు పాయె, పలక దెబ్బ పడె. ఆగిందా, పోగు తెగింది, ముడేస్తాండాడు. దీనికి ఫోన్ సేస్తావా, పప్పులో ఉప్పు ఉందా లేదా అని అడిగినట్ల!"

"చిన్నమ్మా, ఇది సోమవారం రికార్డు."

"సోమవారమా? మొన్న సోమవతి అమావాస్య గదనే. అమావాస్య పొద్దు మగ్గం ఎవరు ముడతారు? మా ఈదంతా మగ్గాలు మూసుకుని గుడికి పోతిమి."

"ఆదివారం మాత్రం సప్పుడు లేదు."

"ఆదివారం మేం నేస్తాం. మాకు ఆదివారమేంది?" అంది. "అమావాస్యకు నేసి ఆదివారం మూసేటోడు ఈ పేటలో ఒక్కడే ఉండాడు. సామ్సన్. పొద్దున చర్చికి పోతాడు, ఆ పొద్దంతా మగ్గం ముట్టడు. మా వెనక సందులో కొస ఇల్లు."

టైము మూడూ పదిహేడు. స్కూటీ ఎమ్మిగనూరు దారి పట్టింది.

*

సామ్సన్ ఇంటి ముందు దిగేసరికి మూడూ యాభై ఎనిమిది. సందులో ఎవరో పడుగు చాపి ఎర్ర నూలు సవరిస్తున్నారు. లోపల గుంట మగ్గంలో సామ్సన్ కూర్చుని నేస్తున్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి. కుడి భుజం గోడకు ఆనేంత ఇరుకు.

"గోడ అవతల ఎవురు?"

"తెలీదక్కా. కరెంటు సామాన్ల గోడౌనుకు బాడిగకు తీసుకున్న్యారు, నెలయింది. ఒకాయప్ప కాపలా ఉంటాడు. మాటా పలుకూ ఉండదు. 'మగ్గం సప్పుడు మీకు ఇబ్బందేమో అన్నా' అంటే, 'ఎంత సప్పుడైతే అంత మంచిది' అన్న్యాడు. వింత మనిషి అనుకున్నా."

వింతేం కాదు. లోపల మనిషి అరిచినా బయటికి వినపడకూడదని మగ్గాల సందు వెతుక్కుని మరీ చేరారు. ఆ మగ్గమే వాళ్ళను పట్టిస్తోంది.

"ఆయప్ప ఇప్పుడుండాడా?"

"నాలుగు కొట్టినాక మూలమీద టీ అంగడికి పోతాడు. కాల్గంటలో వస్తాడు. తాళమేసి పోతాడు."

కూతురు వినే నాలుగూ పదికి కాపలా ఉండదన్నమాట! వాడు టీకి పోయిన ఆ కాల్గంటలోనే శివకుమార్ స్విచ్చి వేస్తున్నాడు. తలుపు పగలగొడదామా అని చెయ్యి దురదపెట్టింది. కానీ ఈ పేట నిండా మగ్గాలే, ఆ ఈలలో అదిరేది ఈ మగ్గమేనని ఇంకా ఖాయం కాలేదు. అది రుజువు కాకుండా తప్పు ఇంట్లో దూరితే, గోల విని వాళ్ళు ఆయన్ను ఏం చేస్తారో ఎవరికి తెలుసు? ఈరేష్ అడిగిన తలుపు నంబరు నాకు ఖాయంగా కావాలి.

నాలుగూ ఐదుకు ఫోన్ మోగింది.

"పెద్దమ్మా, సెట్టు పెట్టినా. మామ పక్కనే ఉండాడు."

నాలుగూ పది. ఫోన్లో గరగరల మధ్య సన్నటి ఈల లేచింది. నిన్నటికంటే బలహీనంగా ఉంది. ప్రేమలత ఊపిరి బిగబట్టడం నాకు వినిపించింది. వెనక నుంచి మహేశ్వర్ గొంతు, "ఏంది పాపా అది?"

"నాన్న మామా! నాన్న బతికే ఉండాడు!"

"సామ్సన్ అన్నా, మగ్గం ఆపు," అన్నాను. ఆపాడు.

"పెద్దమ్మా, అదురు పోయింది. నున్నగా వస్తాంది."

"ఇప్పుడు ఏం వినపడినా గట్టిగా సెప్పు పాపా." సామ్సన్ వైపు తిరిగి వేళ్ళతో చూపించాను. ఏడు దెబ్బలు, ఆపు. ఐదు, ఆపు. మళ్ళీ ఐదు. ఏడువేల యాభైఐదులో సున్నాకు దెబ్బ ఉండదు. అతనికి ఏమీ అర్థం కాకపోయినా అట్లాగే వేశాడు.

"ఏడు... ఆగింది. ఐదు... ఆగింది. ఐదు... పెద్దమ్మా!" ప్రేమలత గొంతులో ఏడుపూ నవ్వూ ఒకటయ్యాయి. "ఏడు, ఐదు, ఐదు! మా ఫ్రీక్వెన్సీ! అది నువ్వేనా? నువ్వు నాన్న పక్కనే ఉండావా?"

"గోడకు ఇవతల ఉండా. ఎమ్మిగనూరులో."

గోడ ఖాయమైంది. అంతేకాదు, ఆరు రోజులుగా ఒకే తీరున నడిచిన మగ్గం ఈ రోజు ఏడు, ఐదు, ఐదు అంటే, గోడ అవతలి మనిషికి అర్థం కాకుండా ఉంటుందా? తన కూతురు వింటోందని ఆయనకు తెలిసిపోయి ఉంటుంది.

"పెద్దమ్మా, మామ తలుపు గడియ పెడతాండాడు. బయట సప్పుడు రాకుండా అంట."

"పెట్టనీలే, మంచిదే," అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఈల తెగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తెగింది. బ్యాటరీ నీరసానికి ప్రతిసారీ పిట్టలా కీచుమంటోంది, కానీ లెక్క తప్పడం లేదు. పొడుగు, పొడుగు. పొట్టి, పొడుగు. మోర్స్ కోడ్! ఆయన స్విచ్చితోనే మాట్లాడుతున్నాడు. మాట తెలుగే, అక్షరాలు ఇంగ్లీషువి. ముప్పై ఒక్క ఏళ్ళు నేను బతికింది ఆ అక్షరాలతోనే. అక్కడ ప్రేమలతకూ వచ్చు, ఆమె పక్కనున్న వాడికీ వచ్చు. ముగ్గురమూ ఒకేసారి చదువుతున్నాం.

"మ... హే... ష్..." ప్రేమలత పైకి చదివింది. "మహేష్! మామా, నాన్న నిన్నే పిలుస్తాండాడు! ఇంగా వస్తాంది ఉండు. న... మ్మ..."

అక్కడితో ఆమె గొంతు ఆగిపోయింది. ఫోన్లో ఈల మాత్రం మిగిలిన అక్షరాలను తడబడకుండా పూర్తి చేసింది. నమ్మకు.

మహేష్. నమ్మకు.

"మామా?" అంది ప్రేమలత, చిన్నగా. కుర్చీ నేలకు రాసుకున్న చప్పుడైంది. ఫోన్ ఎక్కడో పడింది. లైను తెగిపోయింది.

తల దించితే నా చెప్పు కనిపించింది. సందులో నడిచి వచ్చానుగా, పట్టీలో ఎర్రటి నూలు పోగు చిక్కుకుని ఉంది. సామ్సన్ మగ్గం మీద కూడా అదే ఎరుపు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టకపోగా ఫోన్ చేసి పిలిచి, పిల్లను అప్పగించి, కాపలా పెట్టి వచ్చాను! శివకుమార్ ఆరు రోజులు ఎందుకు అరవలేదో ఇప్పుడు అర్థమైంది. నోరెత్తితే కూతురి సంగతి చూస్తామని బెదిరించి ఉంటారు. ఈ రోజు రక్షించేవాళ్ళు వచ్చారని నమ్మి ఆయన చెప్పాడు. ఆ మాటను సరాసరి మహేశ్వర్ చెవిలో వేయించింది నేను.

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ముప్పై కిలోమీటర్లు. ఆ వాకిట్లో కానిస్టేబుల్‌ను వద్దన్నది నేనే.

మూడుసార్లు తప్పు నొక్కి నాలుగోసారి ఈరేష్‌కు కలిపాను.

"ఈరేష్ సార్," అన్నాను. అతన్ని సార్ అనడం ఇదే మొదటిసారి. "ప్రేమలత ఇంట్లో మహేశ్వర్ ఉండాడు. వాడే. లోపల గడియ పెట్టుకున్న్యాడు. తలుపు ఇరగ్గొట్టు. నీ కాళ్ళు పట్టుకుంటా, బిరీన పో."

అతను ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేయలేదు.

"నేను ఆస్పరి రోడ్డులో ఉండా దేవక్కా. తిక్కయ్య కూడా జీపులోనే ఉండాడు." జీపు గేరు మారిన మోత వినిపించింది. "పదిహేను నిమిషాలు. పన్నెండులో పోతా."

నాలుగూ పద్నాలుగు. టీ అంగడికి పోయిన కాపలావాడు ఇంకో నిమిషమో రెండు నిమిషాలో. వాడి జేబులో కూడా ఫోన్ ఉంటుంది. మహేశ్వర్ ఈపాటికి వాడికి చేసే ఉంటాడు.

"అక్కా," అన్నాడు సామ్సన్ గుసగుసగా. "గోడ."

మగ్గం ఆగిన ఆ ఇంట్లో సన్నగా వినిపించింది. అవతల ఎవరో గోడను గోరుతో తడుతున్నారు. ఒకసారి తట్టు, ఒకసారి గీత. తట్టు, గీత, గీత, తట్టు. నేను చెవి ఆనించి చదివాను. ఒకే పేరు, దాని వెనక ప్రశ్న గుర్తు.

ప్రేమ?

సామ్సన్ చెయ్యి నాడె తాడు మీదికి పోయింది. మొదటిసారి అతనికి సంగతి అర్థమైనట్టుంది. నా మొహం వైపు చూస్తూ అడిగాడు.

"ఏం కొట్టమంటావక్కా?"

గోడ అవతల గోరు మళ్ళీ అదే అడిగింది.